చలిదేశం నుంచి వచ్చిన పాత బోటు మోటారు కొనేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

మా బావది కావలి దగ్గర జువ్వలదిన్నె. ఆయన ఫైబర్ బోటుకి మోటారు కావాలంటే, నేను చెన్నైలోనే ఉన్నాను కదా అని వెతికే పని నా మీద పడింది. ఇక్కడ ఒక దుకాణంలో 40 హార్స్‌పవర్ సెకండ్ హ్యాండ్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే మోటారు) దొరికింది. “చలిదేశం సరుకు సార్, అక్కడ ఏడాదిలో నాలుగైదు నెలలే వాడతారు, కొత్తదానికింద లెక్క” అన్నాడు దుకాణదారు. డ్రమ్ములో నీళ్లు పోసి నడిపిస్తే రెండో లాగుకే స్టార్ట్ అయింది. గేరు ఆయిల్ చూపించమంటే చూపించాడు, తేనెలా ఉంది. లక్షా పాతిక వేలు కట్టేశాను.

మూడో వారం బావ ఫోను. “ఏం బామ్మర్దీ, గేరేస్తే కరకరమంటా ఉండాదే!”

మళ్లీ చెన్నైకి తెప్పించి కాశిమేడులో తెలిసిన మెకానిక్‌కి చూపించాను. కింది గేర్‌కేస్ (పంకాని తిప్పే గేర్లుండే పెట్టె) ఆయిల్ స్క్రూ విప్పగానే ముందు నీళ్లు, ఆ వెనకే పాల టీ లాంటి ఆయిల్. ఆ పెట్టె మీద పంకా దగ్గర రంగు గీకితే వెంట్రుకంత పగులు, అందులో నింపిన ఎపాక్సీ జిగురు బయటపడ్డాయి. “రాయి తగిలితే సొట్ట లోపలికి పడుద్ది. ఇది లోపల్నుంచి బయటికి తన్నింది, మన ఊళ్లో వచ్చే పగులు కాదు” అన్నాడాయన.

సంగతేమిటంటే, నీళ్లు రాకుండా ఆపే రబ్బరు సీలు అరిగితే గేర్‌కేస్‌లోకి కొంచెం కొంచెంగా నీళ్లు దిగుతాయి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగుకి చేరతాయి. మంచు పడే చోట ఆ నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, అల్యూమినియం చిట్లుతుంది. అందుకే అక్కడివాళ్లు చలికాలానికి ముందే పాత గేరు ఆయిల్ తీసేసి కొత్తది పోస్తారు, లోపలి నీళ్లు కారిపోయేలా మోటారుని నిటారుగా నిలబెడతారు. మాకు దొరికినదాని పాత యజమాని ఆ పని చేసినట్టు లేదు. 22 డిగ్రీలకే మంకీ క్యాప్ వేసుకునే మనకి ఈ ఆలోచనే రాదు, దుకాణదారు ధైర్యం కూడా అదే.

తేనెలాంటి ఆయిల్ చూసి నాలాగా మోసపోకండి. అది నిన్న పోసిందైనా కావచ్చు. మోటారుని అరగంట నీళ్లలో గేరు వేసి నడిపించి, రాత్రంతా నిలబెట్టి, పొద్దున్నే కింది స్క్రూ కొద్దిగా వదులు చేయండి. మొదటి చుక్కలు నీళ్లయితే వెనక్కి వచ్చేయండి. గేర్‌కేస్‌కి గాలి పట్టించి ప్రెషర్ టెస్ట్ చేయిస్తే ఇంకా మంచిది. దుకాణదారు ఒప్పుకోకపోతే అదే జవాబు అనుకోండి. మిగతా ఒళ్లంతా వెలిసిపోయి, కింది భాగానికి మాత్రం కొత్త రంగు ఉంటే గోరుతో కాదు, చాకుతో గీకి చూడాలి.

దుకాణదారు “ఉన్నది ఉన్నట్టు అమ్మాం” అని బిల్లు మీద ముద్ర చూపించాడు. ఆ ముద్ర కొన్నరోజు నేను చదవలేదు. ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలయ్యేలోగా బావకి వేరే గేర్‌కేస్ సంపాదించాలి. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, రంగు వేయకుండా.