పెంకులోనా, పళ్లెంలోనా: క్యామ్ ప్రయోగానికి ఏది మేలు?

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే చాలు, భీమవరం నుంచి కాకినాడ దాకా ఎం.ఫార్మసీ, బయోటెక్ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. "సార్, క్యామ్ చేద్దామనుకుంటున్నాం. గుడ్డుకి కిటికీ కోయాలా, పగలగొట్టి పెట్రి డిష్‌లో పెంచాలా?" విడివిడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. కోడి పిండం చుట్టూ పెంకు లోపలివైపు పరుచుకునే కోరియోఅల్లంటాయిక్ పొర (క్యామ్ అంటే ఇదే) ఏమిటో, కొత్త రక్తనాళాల మీద మందు ప్రభావం చూడటానికి అదే ఎందుకో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందు ఎలుకల సంగతి తేల్చేద్దాం. ఎథిక్స్ కమిటీ అనుమతి, యానిమల్ హౌస్, మేత ఖర్చు, నెలల తరబడి పని. ఆరు నెలల ప్రాజెక్టుకి ఇదంతా కుదరదు. జీబ్రాఫిష్ మంచిదే, కానీ ఆ వసతి ఉన్న కాలేజీలు మన దగ్గర తక్కువ. కౌజు పిట్ట గుడ్లతోనూ చేస్తారు గానీ గుడ్డు చిన్నది, చెయ్యి తిరిగినవాళ్లకే. ఇక మిగిలింది కోడిగుడ్డు.

పళ్లెం పద్ధతికి ఆకర్షణ ఎక్కువ. పొదగడానికి పెట్టిన మూడో రోజున గుడ్డు పగలగొట్టి పిండాన్ని డిష్‌లోకి దించితే పొర మొత్తం కళ్లెదుటే ఉంటుంది. ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. ఒకే పొర మీద నాలుగైదు డిస్కులు (మందు పట్టించిన చిన్న బిళ్లలు) పెట్టుకోవచ్చు. నాళాలు ఎలా అల్లుకుంటున్నాయో రోజూ ఫొటో తీసి చూడాలంటే దీనికి సాటి లేదు. కిటికీలోంచి కనిపించేది మహా అయితే రూపాయి బిళ్లంత జాగా.

అయినా నా ఓటు కిటికీకే. కారణం ఒక్కటే: పదో రోజుకి ఎన్ని పిండాలు బతికున్నాయన్నది. పెంకు తీసేశాక తేమ ఆరిపోతుంది, ఫంగస్ పడుతుంది, దించేటప్పుడు పచ్చసొన పొర చిరిగితే అక్కడితో సరి. పైగా పదో రోజు దాటాక పిండం తనకి కావలసిన కాల్షియాన్ని ఈ పొర ద్వారానే పెంకు నుంచి లాక్కుంటుంది. పళ్లెంలో పెంకే లేదు. నాళాలు లెక్కపెట్టి పదో రోజుకి ఆపేస్తే ఇబ్బంది లేదు గానీ, ట్యూమర్ కణాలు అంటించి పద్నాలుగో రోజు దాకా చూడాలంటే అప్పుడు కష్టం.

ఇంకో మాట. ఒక పొర మీద అయిదు డిస్కులు పెట్టి థీసిస్‌లో ఎన్ ఈక్వల్స్ 5, అంటే అయిదు నమూనాలు, అని రాస్తున్నారు. అది అయిదు కాదు, ఒకటి. గుడ్డే లెక్క. ఆ పిండం బలహీనమైతే అయిదు డిస్కులూ ఒకేలా అబద్ధం చెబుతాయి. పళ్లెం వల్ల గుడ్లు ఆదా అవుతాయనే వాదన ఇక్కడే సగం కూలిపోతుంది.

కిటికీకి లోపం లేదని కాదు. పెంకు కోసేటప్పుడు రాలే పొడి పొర మీద పడితే అక్కడ వాపు వచ్చి నాళాలు పోగవుతాయి. మీ మందే నాళాలు పెంచిందని పొరబడతారు. దీనికి విరుగుడు సులువే. మూడో రోజున సన్న కొన వైపు సిరంజితో రెండు మూడు ఎం.ఎల్. తెల్లసొన తీస్తే పిండం పెంకుకి దూరంగా కిందికి దిగుతుంది. తీసిన బెజ్జం మూసేసి, కోయబోయే చోట పారదర్శక టేపు అంటించి, టేపుతో సహా వంపు కత్తెరతో కోయండి. పెంకు ముక్కలు టేపుకే అతుక్కుంటాయి. కిటికీని మళ్లీ టేపుతో మూసి, ఇక గుడ్డుని తిప్పకుండా ఇంక్యుబేటర్‌లో పెట్టండి. మందు లేని ఖాళీ డిస్కుతో కొన్ని గుడ్లు తప్పనిసరిగా ఉంచాలి. అవి లేని ఫలితాన్ని నేను నమ్మను.

పద్ధతి ఏదైనా గుడ్డు దగ్గరే చాలామంది బోల్తా పడుతున్నారు. తణుకు, అనపర్తి చుట్టుపక్కల షెడ్లలో గుడ్లకి కొదవ లేదు. కానీ అవి లేయర్ గుడ్లు. ఆ షెడ్లలో పుంజులుండవు, ఎన్నాళ్లు పొదిగించినా అందులో పిండం రాదు. హేచరీకే వెళ్లి, పొదగడానికి పెట్టే గుడ్లు కావాలని అడగాలి. ఎండాకాలం అయితే మరీ జాగ్రత్త. ఇరవై, ఇరవయ్యొక్క డిగ్రీలు దాటితే చాలు, పిండం మెల్లగా ఎదగడం మొదలుపెడుతుంది. రోహిణి కార్తె ఎండలో కారు డిక్కీలో తెచ్చిన గుడ్లు ఒక్కోటి ఒక్కో వయసులో ఉంటాయి, కొన్ని చచ్చే వస్తాయి. పొద్దున్నే తెచ్చుకుని, మొద్దు వైపు పైకి పెట్టి, పదహారు పదిహేడు డిగ్రీల్లో ఒక రోజు ఉంచి అప్పుడు ఇంక్యుబేటర్‌లో పెట్టండి. ఇంక్యుబేటర్‌కి 37.5 డిగ్రీలు చాలు, ఇన్వర్టర్ మాత్రం ఉండాల్సిందే. కరెంటు పోయినప్పుడు పెంకులో గుడ్డు కాసేపు వేడి నిలుపుకుంటుంది. పళ్లెంలోది త్వరగా చల్లబడిపోతుంది. మన ఊళ్ల కరెంటు సంగతి మీకు చెప్పాలా?

ఇంకో ప్రశ్న కూడా వస్తుంటుంది: మనిషి కేన్సర్ కణాలు కోడి పొర మీద ఎలా బతుకుతాయి? పిండానికి రోగనిరోధక శక్తి ఇంకా పూర్తిగా రాలేదు కాబట్టి. రౌస్, మర్ఫీ అనే శాస్త్రవేత్తలు 1911లోనే కోడి పిండం మీద కోడి ట్యూమర్ పెంచారు. పిండానికి రోగనిరోధక శక్తి లేకపోవడం వల్లే, ఆ శక్తిని ఉసిగొల్పి పనిచేసే ఇమ్యునోథెరపీ మందులకి ఈ మోడల్ పెద్దగా పనికిరాదు. ఆ టాపిక్ తీసుకున్నవాళ్లు గైడ్‌తో ఇప్పుడే మాట్లాడుకోండి.

క్రీములూ కంటి చుక్కలూ మంట పెడతాయా అని చూసేవాళ్లకి మాత్రం ఈ గొడవే లేదు. కుందేలు కంటి పరీక్షకి బదులుగా వాడే హెట్-క్యామ్‌ని తొమ్మిదో రోజు గుడ్డు మీద చేస్తారు. మొద్దు వైపున్న గాలి గది మీది పెంకు తీసి, లోపలి తెల్ల పొరని సెలైన్‌తో తడిపి ఒలిచి, 0.3 ఎం.ఎల్. మందు వేసి అయిదు నిమిషాలు చూడటమే. రక్తం కారిందా, నాళాలు కరిగాయా, గడ్డకట్టిందా? పోల్చుకోవడానికి మరో గుడ్డు మీద, మంట పెడుతుందని ముందే తెలిసిన 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ వేయండి.