ప్రొజెక్టర్ నుంచి ఊడదీసిన 445 నానోమీటర్ల లేజర్ డయోడ్: కొనొచ్చా?

కొనొచ్చు, పరీక్షించే ఓపికుంటే. ముందు 445 నానోమీటర్లకు ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అంటే వెలుగును ఆపే సామర్థ్యం) 4 పైన ఉన్న కళ్ళద్దాలు పెట్టుకోండి. ఈ వెలుగు దేని మీదైనా పడి తిరిగొచ్చినా కంటికి చేటే.

స్థిరమైన కరెంటిచ్చే డ్రైవర్‌తో సున్నా నుంచి 20 మిల్లీఆంపియర్ల చొప్పున పెంచండి. మంచి డయోడైతే సుమారు 200–250 దగ్గర మసక నీలం కాస్తా చటుక్కున మెరిసే పట్టీ అవుతుంది. 400 దాటినా ఎల్‌ఈడీలాగే మసగ్గా ఉంటే పోయినట్టే. డ్రైవర్ కెపాసిటర్‌లో మిగిలిన చార్జి చాలా డయోడ్లను చంపేస్తుంది, కలిపే ముందు దాన్ని తప్పక షార్ట్ చేయండి.

1 ఆంపియర్ దగ్గర 4 వాట్లకు పైగా లోపలికి పోతుంది, అందులో ఎక్కువ భాగం వేడే. రాగి మాడ్యూల్‌లో బిగించి, వేడిని దాటించే థర్మల్ పేస్ట్ పల్చగా రాసి, హీట్‌సింక్‌కెక్కించండి. పెల్టియర్ (కరెంటుతో చల్లబరిచే పలక) అక్కర్లేదు: దాని చల్లదనానికి ఉక్కపోతలో డయోడ్ గాజు మీద చెమ్మ పడుతుంది.