ఎలుగుబంట్లకు ఏది మేలు: అడవి కారిడారా, హైవే మీద వంతెనా, బోనులో తరలింపా?

అడవి ముక్కలైపోయి ఎలుగుబంట్లు తలో మూల ఇరుక్కుపోతే, తమలో తామే జతకట్టి కొన్ని తరాలకి బలహీనపడిపోతాయి. వాటిని మళ్లీ కలపడానికి ఉన్న దారులు ముఖ్యంగా మూడు. రెండు అడవుల మధ్య చెట్లతో కారిడార్ నిలబెట్టడం, హైవే అడ్డొస్తే పైన వంతెనో కింద అండర్‌పాసో కట్టడం, అదీ కుదరకపోతే మత్తిచ్చి బోనెక్కించి ఇంకోచోట వదలడం. వీటిలో ఏది మేలని అడిగితే నా ఎదురు ప్రశ్న ఒకటే: దాంతో ఆడ ఎలుగు అవతలికి చేరుతుందా?

మగవాటితో పెద్ద టెన్షన్ లేదు, అవి ఎంత దూరమైనా తిరుగుతాయి. ఆడది మాత్రం సాధారణంగా తల్లి తిరిగిన చోటికి దగ్గర్లోనే తన చోటు చూసుకుంటుంది, పిల్లల్ని కని పెంచేదేమో అదే.

ఇటలీలోని ట్రెంటినోలో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఎలుగులు దాదాపు అంతరించిపోయే దశలో 1999-2001 మధ్య స్లొవేనియా నుంచి 10 ఎలుగుల్ని తెచ్చి వదిలారు, ఇప్పుడవి 100 దాకా పెరిగాయి. సంఖ్య పరంగా సూపర్ హిట్టే. కానీ వాటి సంతానంలో బ్రూనో అనే మగది జర్మనీలోని బవేరియా దాకా వెళ్లిపోయి 2006లో తుపాకీ దెబ్బకి చచ్చిపోయింది, ఆడవేమో వదిలిన చోటు చుట్టుపక్కలే ఉండిపోయాయి. జనం, ఎలుగులు ఒకేచోట కిక్కిరిసి, 2023లో ఒక మనిషి ప్రాణం కూడా పోయింది. ఊళ్లవాళ్లకి కోపం వచ్చిందంటే రాదా మరి!

హైవే సంగతికొస్తే కెనడాలోని బాన్ఫ్ పార్కును చూడాలి. అక్కడ ట్రాన్స్-కెనడా హైవేకి 6 వంతెనలు, 38 అండర్‌పాసులు కట్టారు. దారికి అడ్డంగా ముళ్లతీగ కట్టి, దానికి చిక్కిన వెంట్రుకల డీఎన్‌ఏ చూసి ఏ ఎలుగు దాటిందో, మగదో ఆడదో తేల్చారు. ఆడవీ దాటుతున్నాయి, రెండు వైపుల జన్యువులూ కలుస్తున్నాయి. తమాషా ఏంటంటే, గ్రిజ్లీలకి (అక్కడి గోధుమరంగు ఎలుగులు) విశాలంగా, ఆకాశం కనబడే దారులు ఇష్టం, నల్ల ఎలుగులు ఇరుకు అండర్‌పాసులకైనా సై అంటాయి. అందుకే మీ అడవిలో ఉన్నది ఏ ఎలుగో చూడకుండా డిజైన్ గీస్తే డబ్బు దండగ. రోడ్డు పొడుగునా కంచె లేకపోతే వంతెన ఉన్నా ఎక్కడబడితే అక్కడ దాటి బండ్ల కింద పడతాయి. పైగా గ్రిజ్లీలు ఆ దారులకి అలవాటుపడటానికే ఏళ్లు పట్టింది, మొదటి ఏడాదే లెక్కలు అడిగి ఫెయిలంటే ఎలా?

అయినా వంతెన దాటించేది రోడ్డునే. మధ్యలో పొలాలు, ఊళ్లు ఉంటే కారిడారే గతి, అదీ పరుగున దాటేసే సన్నటి సందు కాదు, తిండి, నీడ దొరికి ఆడది పిల్లల్ని పెంచుకోగలిగేంత అడవి. స్పెయిన్‌లోని కాంటాబ్రియన్ కొండల్లో తూర్పు, పడమర గుంపుల మధ్య ఇలాగే చెట్లు నాటుతున్నారు. పడమటి మగవి తూర్పుకి చేరి కలిశాయి కూడా. ఆడవాటికి ఇంకా టైం పడుతుంది.

నా ఓటు కారిడార్‌కే, హైవే అడ్డొచ్చిన చోట కంచెతో సహా వంతెన. గుంపులో నాలుగైదు మాత్రమే మిగిలితే చెట్లు పెరిగేదాకా ఆగలేం కాబట్టి బోను తప్పదు, కానీ బోను తెచ్చిన ఏడాదే మొక్కలూ నాటాలి, చుట్టుపక్కల ఊళ్లతో ముందే మాట్లాడాలి.