మారుతి గ్రాండ్ విటారా కారులో ఏ ఇంజిన్ తక్కువ శక్తి తాగుతుంది?

కంపెనీ చెప్పే మైలేజీలు ఇవి: మాన్యువల్ పెట్రోల్ లీటరుకు 21.11 కి.మీ., స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌కు తోడు బ్యాటరీ, మోటారు ఉండేది) 27.97, సీఎన్‌జీ కిలోకు 26.6. పైకి హైబ్రిడ్, సీఎన్‌జీ సమానంగానే కనిపిస్తాయి. తిరకాసు అక్కడే. లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే, అంటే కిలోవాట్-అవర్లు) శక్తి ఉంటే, కిలో సీఎన్‌జీలో 13 పైనే ఉంటుంది. ఆ లెక్కన 100 కి.మీ.కు పెట్రోల్‌కి 42 యూనిట్లు, హైబ్రిడ్‌కి 32, సీఎన్‌జీకి 50. సీఎన్‌జీ ఆదా చేసేది డబ్బు, శక్తి కాదు. పైగా సిలిండర్ డిక్కీని మింగేస్తుంది.

హైబ్రిడ్ బలం అమీర్‌పేట లాంటి ట్రాఫిక్‌లో తెలుస్తుంది: ఆగినప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది, బ్రేక్ శక్తి బ్యాటరీకి చేరుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే వేగంతో పోతే ఆ లాభం బాగా తగ్గుతుంది.

పక్కన టాటా వారి ఎలక్ట్రిక్ కారు నెక్సాన్ ఈవీ 45ను (45 యూనిట్ల బ్యాటరీది) పెట్టి చూడండి (కాస్త చిన్న కారే). ఒక్క ఫుల్ ఛార్జింగ్‌తో 489 కి.మీ. అన్న కంపెనీ లెక్కతో 100 కి.మీ.కు 9 యూనిట్ల పైచిలుకు. రోడ్డు మీద 13-14 అనుకోవడం మేలు. ఛార్జింగ్‌లో మరో పదో వంతు పోతుంది, కాబట్టి కారు తెర కాదు, కరెంటు మీటరు చూడండి. బొగ్గు కరెంటైతే ప్లాంటులోనే మూడింట రెండు వంతుల వేడి వృథా. అప్పుడు హైబ్రిడ్‌పై ఆధిక్యం దాదాపు మిగలదు. ఇంటిపై సోలార్ ఉంటే మాత్రం ఈవీకి పోటీ లేదు.