హంపి గుట్టల్లో గుడ్లగూబ గూడు: ఎక్కడ దిగాలి, ఎవరితో వెళ్లాలి

గుడ్లగూబ ఇంటి మీద వాలితే అరిష్టమని మన ఊళ్లలో ఇప్పటికీ అంటారు. పొలాల్లో ఎలుకల్ని తిని రైతుకు ఇంత మేలు చేసే పక్షి మీద ఆ నింద నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఇండియన్ ఈగల్ ఔల్ అనే పెద్ద గుడ్లగూబని గూడు దగ్గర చూడాలనే హంపి వైపు వెళ్లాం.

బసకు హోసపేట చవక, రైల్వే స్టేషన్ కూడా అక్కడే. కానీ తెల్లవారకముందే గుట్టల దగ్గర ఉండాలంటే కమలాపురలో దిగడమే నయం. అక్కడ కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వాళ్ల రిసార్ట్ ఉంది. ఖర్చు ఎక్కువే, అయినా పక్షుల కోసం వచ్చేవాళ్లకు అనువైన చోటు. దరోజి అభయారణ్యం ఎలుగుబంట్లకు బాగుంటుంది. గుడ్లగూబకైతే పొలాలను ఆనుకున్న గుట్టలే మేలు.

అసలు తేడా గైడ్‌తోనే. మొదట కుదిరినతను "ఎగిరితే ఫోటో బాగా వస్తుంది సార్" అంటూ రాయి తీశాడు. వద్దని ఆపి, అక్కడితో అతన్ని పంపించేశాం. ఈ పక్షి పుల్లలతో గూడు కట్టదు. బండ అరుగు మీద, పొద చాటున వట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. తల్లి లేచిపోతే గుడ్లకైనా పిల్లలకైనా ఎండ నేరుగా తగులుతుంది.

రెండో గైడ్ పొలం గట్టు దాటనివ్వలేదు. ట్రైపాడ్ మీద స్కోప్ (దూరానివి దగ్గరగా చూపే దుర్బిణి) బిగించి, ఒక్కొక్కరినే చూడమన్నాడు. నారింజ రంగు కళ్లు సగం మూసి, చెవుల్లాంటి ఈకలు నిక్కబొడుచుకుని తల్లి కూర్చుంది. దాని రెక్క కింద నుంచి తెల్లటి నూగుతో ఓ పిల్ల తల బయటపెట్టింది. పొద్దు వాలాక అవతలి బండ మీది నుంచి మగపక్షి "బూ... బో" అని గంభీరంగా పిలిచింది. పిల్ల ఒళ్లంతా ఉబ్బించి ముక్కు టకటకలాడించిందంటే మనం మరీ దగ్గరికి వెళ్లినట్టేనని గైడ్ చెప్పాడు. మాకు ఆ చప్పుడు వినిపించలేదు, అదే తృప్తి. చీకటి పడగానే వెనక్కి తీసుకొచ్చేశాడు. ఫ్లాష్ వాడనివ్వలేదు, ఫోన్‌లో కూత వినిపించనివ్వలేదు.

గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడు ఎంత దూరం నుంచి చూపిస్తారో, స్కోప్ ఉందో లేదో ముందే అడగండి. అక్కడ చాలామందికి తెలుగు అర్థమవుతుంది. గూళ్ల కాలం నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. హంపికి జనం పోటెత్తేది కూడా చలికాలంలోనే కాబట్టి, శని, ఆదివారాలు వదిలేసి గది బుక్ చేసుకోండి.