బ్యాంక్సీ పేరుతో లండన్‌లో 50 పౌండ్లు వదిలాయి, బ్రిస్టల్‌లో పైసా ఖర్చు కాలేదు

తానెవరో బయటపెట్టకుండా వీధి గోడల మీద బొమ్మలు వేసే బ్రిటిష్ కళాకారుడు బ్యాంక్సీ. ఆయన బొమ్మలు చూడాలనుకుంటే, ఆ పేరు పెట్టి పెద్ద ఊళ్లలో నడిపే టికెట్ ప్రదర్శనల జోలికి మాత్రం పోకండి. లండన్‌లో మేం పోయాం. మనిషికి 22.50 పౌండ్లు, బుకింగ్ చార్జీ ఇంకో 4.90, వెరసి ఇద్దరికీ 49.90. లోపల చాలావరకు ప్రింట్లు, గోడ బొమ్మల ఫొటోలు, ప్లైవుడ్ మీద మళ్లీ వేసిన నకళ్లు. ఒక గదిలో ఇటుక గోడ ఉందని ఆశగా దగ్గరికెళ్తే అది వాల్‌పేపర్, కింద మూల అంచు ఊడి వేలాడుతోంది. కళాకారుడి అనుమతి లేదన్న ముక్క టికెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కౌంటర్‌లో అడిగితే ఆ అమ్మాయి తలెత్తకుండానే "లోపల చూసొచ్చాక రీఫండ్ ఉండదు" అంది. బయటికి దారి షాపులోంచే. బెలూన్ పాప బొమ్మ ఉన్న కప్పు 14 పౌండ్లు!

2018లో సోథబీస్ వేలంలో పాట ముగియగానే ఆ బెలూన్ పాప బొమ్మే ఫ్రేములో బ్యాంక్సీ ముందే దాచిన యంత్రంలోంచి సగం దాకా చీలికలై కిందికి దిగింది. ఆ చిరిగిన బొమ్మ 2021లో కోటీ 85 లక్షల పౌండ్లకు పైగా పలికింది. "వ్యాపారాన్ని వెక్కిరిస్తే దానికీ గిరాకీయే, మన 50 ఏపాటి" అని మావారు సమాధానపడిపోయారు. నాకు మాత్రం మంట చల్లారలేదు. అసలువి చూడాల్సిందేనని, ఆయన సొంతూరుగా చెప్పుకునే బ్రిస్టల్‌కి కోచ్ (దూరప్రయాణాల బస్సు) బుక్ చేశాను, టికెట్ 11.80. గెస్ట్‌హౌస్ రాత్రికి 78, శుభ్రంగా ఉంది.

ముందు పార్క్ స్ట్రీట్ వంతెన మీదికి వెళ్లండి. కిందికి దిగి మెడ నొప్పి పుట్టించుకోవడం కన్నా పైనుంచే బాగా కనిపిస్తుంది. 2006లో ఒక లైంగిక ఆరోగ్య క్లినిక్ గోడ మీద వేసిన బొమ్మ అది. లేని కిటికీని గీసి, అందులోంచి సూటు వేసుకున్న భర్త కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా వెతుకుతుంటాడు. వెనక లోదుస్తుల్లో భార్య. ఆ భర్త వెతుకుతున్న ప్రియుడేమో కిటికీ కిందే, ఒంటి మీద నూలుపోగు లేకుండా, ఒక చేత్తో అంచు పట్టుకుని వేలాడుతూ రెండో చేత్తో పరువు కాపాడుకుంటున్నాడు. మావారు అటూ ఇటూ చూసి, తెలుగువాళ్లెవరూ లేరని తేల్చుకున్నాకే ఫొటో తీశారు. నగరపాలక సంస్థ భవనం దాదాపు ఎదురుగానే. వాళ్లు చెరిపేయకుండా జనాన్ని ఆన్‌లైన్‌లో అడిగితే 97 శాతం ఉంచమన్నారట. 2009లో ఎవరో పెయింట్‌బాల్స్‌తో కొట్టిన నీలం మరకలు ఇప్పటికీ ఉన్నాయి. నాకు అవీ నచ్చాయి. ఊరి జనం పోట్లాడుకున్న గుర్తులు లండన్ వాల్‌పేపర్ మీద ఎక్కణ్నుంచి వస్తాయి?

అక్కణ్నుంచి ఎత్తు ఎక్కితే బ్రిస్టల్ మ్యూజియం, ఉచితం. 2009లో అక్కడ బ్యాంక్సీ ప్రదర్శన పెడితే 3 లక్షల మందికి పైగా వచ్చారు. తల మీద గులాబీ రంగు డబ్బా బోర్లించిన దేవదూత విగ్రహం అప్పటి నుంచీ ఉండిపోయింది.

మధ్యాహ్నానికి మావారి ముఖం మాడిపోయింది. ఆకలి. సెయింట్ నికొలస్ మార్కెట్‌లో 8.50కి ఫలాఫెల్ రోల్ తిన్నాక గానీ మాట పలకలేదు.

రేవు పక్కన ఎం షెడ్ మ్యూజియం కూడా ఉచితమే. అక్కడున్న, పడవలో కూర్చున్న మృత్యుదేవత బొమ్మ బ్యాంక్సీదే, థెక్లా అనే ఓడ పక్క నుంచి కోసి తెచ్చిన ముక్క. బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహం కూడా అక్కడే ఉంది. 2020 జూన్ 7న జాతి వివక్ష మీద నిరసనకు దిగిన జనం కూలదోసి నీళ్లలో పడేశారు కదా, అదే. రంగు మరకలతో సహా వెల్లకిలా పడుకోబెట్టారు. నేను అనుకున్న దానికన్నా ఎక్కువసేపు అక్కడే నిలబడిపోయాను.

అల్బియన్ డాక్ దగ్గర సందులో ముత్యాల పోగు పిల్ల ఉంది, పేరున్న పాత డచ్ చిత్రానికి వెక్కిరింపు. గోడకున్న అలారం పెట్టెనే చెవి పోగు చేసేశాడు, 2014లో. మ్యాప్ తిప్పి తిప్పి చంపింది, అయినా వెళ్లండి. థామస్ స్ట్రీట్ నార్త్‌లో ఎలుకల బోనులో గులాబీ మాత్రం వదిలేయొచ్చు. పైన బిగించిన ప్లాస్టిక్ పలక మీద నా ముఖమే ఎక్కువ కనిపించింది.

గైడెడ్ వాక్‌కి మనిషికి 15 అడిగారు, అక్కర్లేదు. మంచి బూట్లు చాలు, ఊరంతా ఎత్తుపల్లాలే. 1999 నాటి, పోలీసుల మీదికి పెట్రోల్ బాంబు విసిరే టెడ్డీ ఎలుగుబంటిని ఆఖరికి పెట్టుకోండి. స్టోక్స్ క్రాఫ్ట్‌లో ఉన్న ఆ గోడ నుంచి కోచ్ స్టేషన్‌కి పది నిమిషాల నడకే, అదీ పల్లంవైపు.