పైథాన్ ఫ్రాక్షన్స్ మాడ్యూల్: నాలుగేళ్లు వాడాక

మాది కావలి. డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. మా బావమరిదికి రొయ్యల గుంటలున్నాయి. వారానికోసారి వల విసిరి, పడ్డ రొయ్యల్ని తూచి, సగటు బరువు నోటుబుక్కులో రాసుకుంటాడు. డెబ్బై అయిదు రోజుల అంకెలు తెచ్చి, "బావా, తొంభయ్యో రోజుకు కౌంట్ ఎంతుంటదో చెప్పు" అన్నాడు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. ఆరో డిగ్రీ బహుపది పెట్టి, మాత్రిక విలోమం (మాట్రిక్స్ ఇన్వర్స్) నంపైతో, అంటే పైథాన్‌లో వేగంగా లెక్కలు చేసే లైబ్రరీతో, చేయించాను. రొయ్య బరువు మైనస్‌లో వచ్చింది. "అంటే పట్టుబడి నాడు మనమే గుంటకి రొయ్యలు ఎదురియ్యాలా?" అన్నాడు. ఆ రాత్రే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని ఫ్రాక్షన్స్ మాడ్యూల్ పట్టుకున్నాను.

ఇన్‌స్టాల్ చేసే పని లేదు, పైథాన్‌తోపాటే వస్తుంది. సంఖ్యను దశాంశంగా కాకుండా లవం, హారంగా ఉంచుకుంటుంది. దాని విలువ క్లాసులో పిల్లలకు ఇలా చూపిస్తాను. బోర్డు మీద 3×3 హిల్బర్ట్ మాత్రిక రాస్తాను: మొదటి వరుస 1, 1/2, 1/3, రెండోది 1/2, 1/3, 1/4, మూడోది 1/3, 1/4, 1/5. దీని నిర్ధారకం (డిటర్మినెంట్) 1/2160. విలోమంలో అన్నీ పూర్ణాంకాలే, కింద కుడి మూల 180. ఇప్పుడు 1/3 ఉన్నచోటల్లా 0.33 రాసి మళ్లీ చెయ్యమంటాను. నిర్ధారకం 0.000463 రావాల్సింది 0.000063 వస్తుంది, 180 కాస్తా దాదాపు 1270 అవుతుంది. మార్చింది నూటికి ఒక వంతు, దెబ్బ ఏడు రెట్లు. వెనక బెంచీ వాళ్లు కూడా ఫోన్ దించి చూసేది ఈ ఒక్క లెక్కప్పుడే.

కంప్యూటర్ చేసేదీ ఇదే, కాకపోతే రెండు అంకెలకు బదులు పదిహేను, పదహారు అంకెల దాకా ఉంచుకుంటుంది. 10×10 హిల్బర్ట్ మాత్రిక కండిషన్ నంబరు (ఇచ్చిన అంకెల్లో చిన్న తప్పు జవాబులో ఎన్ని రెట్లు పెరగొచ్చో చెప్పేది) దాదాపు 16 లక్షల కోట్లు, అంటే పదమూడు అంకెల దాకా గల్లంతు కావచ్చు. 12×12 దగ్గర నమ్మడానికి ఒక్కటీ మిగలదు. అయినా నంపై నోరు మెదపదు, ఏదో ఒక జవాబు చేతిలో పెడుతుంది. నాకు మండేది అక్కడే. ఫ్రాక్షన్స్‌తో 10×10 చేస్తే ఏడో వరుస ఏడో స్థానంలో 34,80,67,39,96,800 వస్తుంది, ఒక్క అంకె కూడా తేడా లేకుండా.

ఒక గుంత ఉంది, నేనే పడ్డాను. ఫ్రాక్షన్(1, 3) అని రాయాలి. ఫ్రాక్షన్(1/3) అని రాశారా, భాగహారం ముందే ఫ్లోట్‌లో, అంటే కంప్యూటర్ మామూలుగా వాడే ఆ పదిహేను, పదహారు అంకెల లెక్కలో, జరిగిపోయి 6004799503160661/18014398509481984 వస్తుంది. అక్కడి నుంచి ఎంత కచ్చితంగా చేసినా అది పాడైన 1/3 మీద చేసే కచ్చితత్వమే. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను.

నిదానం సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి కూడికకూ గ.సా.భా. తీస్తుంది, అంకెలు తోకలా పెరుగుతాయి. నిజం డేటాతో 100×100 పెట్టి, లేచి టీ తాగి వచ్చినా అది నడుస్తూనే ఉంది. నంపైకి అది రెప్పపాటు పని.

ఇంతకీ రొయ్యల లెక్క. ఫ్రాక్షన్స్‌తో మళ్లీ చేశాను. మాత్రికనూ దాని విలోమాన్నీ గుణిస్తే ఐడెంటిటీ మాత్రిక (కర్ణం మీద ఒకట్లు, మిగతావన్నీ సున్నాలు) అచ్చంగా వచ్చింది. తొంభయ్యో రోజు బరువు ఈసారి మైనస్ కాదు, మామిడికాయంత. ఒక వారం తూకాన్ని 0.1 గ్రాము మార్చి చూస్తే ఆ మామిడికాయ నిమ్మకాయైంది. లెక్క తప్పు కాదు, ప్రశ్నే అంత గిల్లితే ఏడ్చే రకం. బురద నీళ్లలోంచి తీసి, చుక్కలు కారుతుండగా తూచిన బరువులకు ఆరో డిగ్రీ ఏంటసలు! రెండో డిగ్రీకి దించి, రోజుల్లోంచి సగటు తీసేసి, స్కేలు తగ్గించాను. అంతే, మామూలు ఫ్లోటే మర్యాదగా నడిచింది.

అందుకని రోజువారీ పనికి నంపైనే వాడతాను. అనుమానం వచ్చినప్పుడు చిన్న మాత్రిక మీద రెండూ నడిపి పక్కపక్కన పెట్టుకుంటాను. రెండూ కలిస్తే సరే. కలవకపోతే ముందు నోటుబుక్కు అడుగుతాను. మొన్న అట్లా అడిగితే, "ఆ వారం తూకం నేను కాదు బావా, మా వాచ్‌మన్ రొంత అటూ ఇటుగా రాసుంటాడు" అన్నాడు.